ముత్తవ్వ పేరు కోసం రెండేళ్ళు

2022 సెప్టెంబరు 25, మహాలయ అమావాస్య. ఆదివారం కావడంతో చెన్నై మెరీనాలో తెల్లవారకముందే ఇసుక కనపడనంత జనం. మా తమ్ముడు తడి పంచెతో దక్షిణం తిరిగి కూర్చున్నాడు. ముందు ఇత్తడి చెంబు, ఆకులో నల్ల నువ్వులు, దర్భలు. నేను వెనక నిలబడి చెప్పులూ సంచీ చూసుకుంటున్నాను. నాయన పోయాక వాడు మొదటిసారి మహాలయం పెడుతున్నాడు. అమ్మ అంతకు ఏడేళ్ళ ముందే పోయింది.

నాయన పేరు, తాత పేరు, ముత్తాత పేరు వరసగా చెప్పాడు. నువ్వులూ నీళ్ళూ బొటనవేలి పక్కనుంచి జారాయి. అమ్మ పేరు చెప్పాడు, అవ్వ పేరు చెప్పాడు. అయ్యవారు "ప్రపితామహి?" అని ఆగారు. వాడు నావైపు చూశాడు. నాకూ తెలియదు. తాతను కన్నతల్లి, మా నాయనకు అవ్వ. ఆమె పేరు మా ఇద్దరికీ తెలియదు. "తెలియకపోతే బంధుత్వం చెప్పి వదలండి" అన్నారాయన, పక్కన ఇంకా ముగ్గురు కాచుకుని ఉన్నారు కాబట్టి. తమ్ముడు వదిలేశాడు. నేను ఆ నీళ్ళు ఇసుకలో ఇంకిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

మా నాయన ఇలాంటివి పెట్టిన మనిషి కాదు. పెరంబూరు వర్క్‌షాపులో యూనియన్ మనిషి. అందుకే ఆ పేర్లు మా చెవిన పడే సందర్భమే రాలేదు. అడిగి ఉంటే చెప్పేవాడు. అరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి నేను అడగలేదు. ముప్ఫై ఒక్క ఏడు కార్పొరేషన్ స్కూల్లో తెలుగు చెప్పి, పిల్లలకు వంశవృక్షం గీయమని ఇంటిపని ఇచ్చినదాన్ని.

ఇక మిగిలింది మేనత్త. అరక్కోణంలో కొడుకు దగ్గర ఉంటుంది, అప్పటికి ఎనభై మూడేళ్ళు. ఆమెను మేమందరం అమ్మణ్ణత్త అంటాం. ఆ వారంలోనే వెళ్ళి అడిగాను. "మా నాయనమ్మా? నేను పుట్టకముందే పోయింది. ఊళ్ళోనే పోయిందంట. అవ్వ, అవ్వ అనేవాళ్ళు. పేరెవరు చెప్తారే?" అంది. తాత రాక్షస నామ సంవత్సరంలో పుట్టాడని, ఆయన తండ్రి పెద్ద జొరాల ఏడు పోయాడని, తరవాత ఆ నాయనమ్మే ఏదో భూమి అమ్మిందని మాత్రం చెప్పింది. పెద్ద జొరాల ఏడంటే 1918, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టిన ఏడు.

లండన్‌లో ఉండే నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఆ రోజుల్లోనే ఫోన్ చేసింది. తాను అద్దెకుంటున్న ఇంట్లో 1921లో ఎవరెవరు ఉండేవాళ్ళో, వాళ్ళ వయసెంతో, ఏ పని చేసేవాళ్ళో జనాభా లెక్కల కాగితంలో చూశానంది. ఇంగ్లండులో నూరేళ్ళు దాటిన లెక్కల కాగితాలు జనానికి తెరుస్తారు. 1921వి 2022 జనవరిలో తెరిచారు. ఇంటి యజమాని స్వయంగా రాసిన ఫారాలు, అక్షరాలతో సహా. నాకు ఎక్కడలేని ఆశ పుట్టింది. మన దగ్గరా అవే లెక్కలు, అదే దొరతనం. 1921 మార్చి 18న ఇక్కడా లెక్క తీశారు. అంతకుముందు 1911 మార్చి 10న తీశారు. మా ముత్తవ్వ రెండుసార్లూ బతికే ఉంది.

ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్ళాను, ఆ తరవాత గాంధీ ఇర్విన్ రోడ్డు మీది తమిళనాడు ఆర్కైవ్స్‌కి. ఎర్ర ఇటుకల కట్టడం, పాతకాలం వాళ్ళు ఇప్పటికీ మద్రాస్ రికార్డ్ ఆఫీస్ అంటారు. మద్రాసు రాజధాని జనాభా లెక్కల సంపుటాలు వరసగా ఉన్నాయి. మొదటిది 1871ది, కార్నిష్ అనే డాక్టరు రాసింది. 1911ది మొలొనీ రాసింది. బరువైన పుస్తకాలు, పేజీ నిండా అంకెలు. తాలూకాకు ఎంతమంది, అందులో మగ ఎంత, ఆడ ఎంత, వితంతువులెందరు, అక్షరం వచ్చినవాళ్ళెందరు, ఏ భాషవాళ్ళెందరు. పేర్లు మాత్రం ఒక్కటీ లేవు.

మూడు రోజులు తిరగేశాక అక్కడొక పరిశోధకుడు, తంజావూరు కుర్రవాడు, నా ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. ఇంటింటికీ తిరిగి నింపిన షెడ్యూళ్ళలో పేర్లు ఉండేవి. 1901 నుంచి ఒక్కొక్క మనిషి వివరాలు ఒక్కొక్క స్లిప్పు మీదికి ఎక్కించి, వాటిని కట్టలు కట్టి, వేరుచేసి, లెక్కపెట్టేవారు. పట్టికలు తయారయ్యాక షెడ్యూళ్ళతో, స్లిప్పులతో పని తీరిపోయింది. వాటిని దాచలేదు. స్వాతంత్ర్యం వచ్చాక చేసిన 1948 సెన్సస్ చట్టంలో పదిహేనో సెక్షన్ ఒకటుంది. లెక్కలవాళ్ళు రాసుకున్నదాన్ని ఎవరూ చూడ్డానికి వీల్లేదని, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరాదని. పన్ను వేస్తారేమో, కేసు పెడతారేమో అన్న భయం లేకుండా జనం నిజం చెప్పడానికి పెట్టిన కట్టడి అది. దానిలో న్యాయం ఉందని ఒప్పుకుంటాను. కానీ నూరేళ్ళ తరవాతి మనవరాలి కోసం కూడా ఏదైనా మిగల్చాల్సింది.

ఆ కుర్రవాడు చెప్పిన ఇంకో మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆడవాళ్ళ పేరు చెప్పడానికి ఇంటివాళ్ళు ఇష్టపడకపోతే, పేరు గడిలో 'స్త్రీ' అని రాసి ముందుకు వెళ్ళమని ఆనాటి ఎన్యూమరేటర్లకు సూచన ఉండేదట. షెడ్యూళ్ళు మిగిలి ఉన్నా, మా ముత్తవ్వ గడిలో ఆ ఒక్క అక్షరమే ఉండేదేమో.

1911 నుంచి 1921 దాకా పదేళ్ళలో ఇప్పటి భారతదేశపు హద్దుల్లో జనాభా 25.21 కోట్ల నుంచి 25.13 కోట్లకు తగ్గింది. లెక్కలు మొదలైనప్పటి నుంచి రెండు లెక్కల మధ్య జనం తగ్గింది ఆ ఒక్కసారే. ఆ తగ్గుదలలో మా ముత్తాత ఒకడు. ఆ అంకె దగ్గర వేలు పెట్టి కాసేపు కూర్చున్నాను. జనాభా లెక్కల్లో మా ఇంటివాళ్ళ జాడ నాకు దొరికింది అంతవరకే.

తరవాత పుట్టుకల రిజిస్టర్లు. చాలామంది జనన నమోదు 1969 చట్టంతో మొదలైందనుకుంటారు. మద్రాసు రాజధానిలో 1899లోనే చట్టం ఉంది. ఊళ్ళో పుట్టినా చచ్చినా మునసబు దగ్గర చెప్పాలి, ఆయన రిజిస్టరులో ఎక్కించాలి, లెక్క తాలూకాకు పోవాలి. తాత పుట్టుక వరస దొరికితే తల్లి పేరు ఉంటుందని నా ఆశ.

ఏ ఏడు వెతకాలి? రైల్వే సర్వీసు కాగితంలో తాత పుట్టిన తేదీ 1913 జూలై 1. ఆ తేదీ చూడగానే నాకు అనుమానం. మా స్కూల్లో రిజిస్టరు నిండా జూలై ఒకటో, జూన్ ఒకటో పుట్టిన పిల్లలే ఉండేవాళ్ళు, పుట్టినరోజు తెలియనివాళ్ళకు టీచర్లు వేసే తేదీ అది. అత్త చెప్పిన రాక్షస నామ సంవత్సరం 1915 ఉగాదితో మొదలవుతుంది. ఆ ముసలితనంలో అత్త మాట, ప్రభుత్వ ముద్ర పడిన కాగితం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను అత్త మాటే నమ్మాను. సంవత్సరాల పేర్లు మనవాళ్ళు ఊరికే చెప్పరు. ఫలానా ఏడు పుట్టాడు, ఫలానా ఏడు వాన రాలేదు, ఇవి జ్ఞాపకంలో ముడిపడి ఉంటాయి. మీ ఇంట్లో ముసలివాళ్ళు ఎవరైనా ధాత అనో, క్రోధి అనో అంటే వెంటనే రాసిపెట్టుకోండి. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు వస్తుంది కాబట్టి రెండు ఏళ్ళలో ఏది అన్నదొక్కటే తేల్చుకోవాలి, అది కష్టం కాదు.

కష్టమంతా ఊరి దగ్గర వచ్చింది. మా ఊరు తిరుత్తణి పక్క పల్లె. ఊరు ఎక్కడికీ కదల్లేదు. 1911 దాకా అది ఉత్తర ఆర్కాడు జిల్లా, కార్వేటినగరం జమీందారీ. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది, జనాభా లెక్క తీసిన మూడు వారాలకే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆంధ్రలో ఉంది. పటాస్కర్ సూత్రం ప్రకారం సరిహద్దులు సరిచేసి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి ఇచ్చారు, అప్పుడు చెంగల్పట్టు జిల్లా. 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లా. తాత పుట్టింది చిత్తూరు జిల్లాలో, ఆయన మనవరాలు వెతుకుతున్నది తిరువళ్ళూరు జిల్లాలో. ఇటు ఒక ఆఫీసులో "ఆ కాలం రికార్డులు అటే ఉండిపోయాయి" అన్నారు. అటు ఒక ఆఫీసులో "1960లోనే అటు పంపేశాం" అన్నారు. ఏడు నెలలు బస్సుల్లో తిరిగాను. మోకాళ్ళు బాగులేని మనిషిని, మెట్లన్నీ ఎక్కాను. ఒక చోట గోనెసంచుల్లో పొడిపొడి అయిన కాగితం చూపించారు, చెదలు తిన్నాక మిగిలింది. చివరికి నా చేతికి వచ్చింది ఒక సర్టిఫికెట్: అడిగిన సంవత్సరాలకు రికార్డు లభ్యం కాలేదని. ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి.

ఒకటి మాత్రం చూశాను. అదే తాలూకాలో వేరే ఊరి రిజిస్టరు, 1920 తరవాతిది, ఒక గుమాస్తా దయతలచి చూపించాడు. బిడ్డ పేరు గడి చాలా వరసల్లో ఖాళీ. మగ, ఆడ అన్నదే ఉంది. నాలుగైదు రోజుల్లోనే వచ్చి చెప్పేవాళ్ళు, నామకరణం అప్పటికి కాదు, తరవాత ఎవరూ వచ్చి పేరు ఎక్కించరు. అది చూశాక, తాత వరస దొరికినా అది తాతదేనని ఎలా పోల్చుకునేదాన్నా అనిపించింది. తండ్రి పేరు, నెల, కులం కలిపి చూసుకోవాలి. పుట్టుక రిజిస్టరు వెతికేవాళ్ళు బిడ్డ పేరుతో వెతకకండి, తండ్రి పేరుతో వెతకండి.

భూమి రికార్డులు చూడమని కొందరన్నారు. రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే రైత్వారీ ఊళ్ళకైతే సెటిల్మెంటు రిజిస్టర్లు ఉంటాయి, ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన ఉండే డైగ్లాట్లు ఉంటాయి, పట్టాదారు పేరు దొరుకుతుంది. మాది జమీందారీ ఊరు. రైతు ఎవరన్నది జమీను కచ్చేరీ లెక్క, ప్రభుత్వం లెక్క కాదు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే అలాంటి ఊళ్ళకు రైత్వారీ పట్టాలు. అప్పటికి మా వాళ్ళకు అక్కడ సెంటు భూమి లేదు.

ఈ మధ్యలోనే నాటాల్ ఓడల జాబితాలు నా కంటపడ్డాయి. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికా చెరకు తోటలకు కూలికి వెళ్ళిన 1,52,184 మంది వివరాలు. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఒక్కొక్కరికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఉత్తర ఆర్కాడు వాళ్ళు ఎంతమందో! ఆడవాళ్ళకూ పేరుంది, తండ్రి పేరుంది. మావాళ్ళెవరూ అందులో లేరు, నేను వెతకాల్సిన అవసరమూ లేదు, అయినా రాత్రి రెండింటిదాకా చదివాను. కూలికి కట్టుబడి ఓడెక్కిన ఆడమనిషిని అజమాయిషీ చెయ్యాలి కాబట్టి ఆమె పేరు రాసుకున్నారు. పుట్టిన తాలూకాలోనే బతికి, అక్కడే పోయిన ఆడమనిషి పేరు ఎవరికీ అవసరపడలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

2024 ఫిబ్రవరిలో మళ్ళీ తిరుత్తణి వెళ్ళాను, ఈసారి స్వామి దర్శనానికే. కిందికొచ్చి బస్సు కోసం కూర్చున్నచోట ఒక పెద్దాయన పలకరించాడు. నలభై ఏళ్ళు దస్తావేజులు రాసిన మనిషి. ఆ పక్క ఇప్పటికీ ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. నా కథంతా విని అన్నాడు: "పుట్టినచోట వెతికితే ఆడమనిషి పేరు దొరకదమ్మా. అమ్మినచోట వెతుకు. మొగుడు పోయాక భూమి అమ్మిందంటున్నావు. కొడుకు మైనరు. తల్లి గార్డియనుగా ఉండి నిశాని పెడితేగానీ రిజిస్ట్రీ కాదు గదా."

నాకు ఒక్కసారి వెన్ను నిటారైంది. అత్త ఆ భూమి సంగతి మొదటి రోజే చెప్పింది. దాదాపు ఏడాదిన్నర నేను దాన్ని పక్కన పెట్టాను.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒకటో నంబరు ఇండెక్సు మనుషుల పేర్లతో ఉంటుంది, రెండోది ఆస్తితో. ఫీజు కడితే ఎవరైనా చూడవచ్చు, ఒకటో పుస్తకంలో ఎక్కిన దస్తావేజుకు నకలు ఎవరైనా అడగవచ్చు. అది చట్టం ఇచ్చిన హక్కు. ఈసీ (ఆస్తి మీది లావాదేవీల పత్రం) తీసుకోవడానికి వెళ్ళేవాళ్ళకు కూడా ఈ సంగతి తెలియదు. నేను 1918 నుంచి 1925 దాకా వెతకమని ఫీజు కట్టాను. అక్కడి అమ్మాయి, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, రెండు రోజుల తరవాత రమ్మంది. వెళితే పుస్తకాలు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుంది. అన్నీ తెలుగులో ఉన్నాయి. ఆ ఆఫీసులో తెలుగు చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. "మీరే చదవండమ్మా, నేను పక్కన ఉంటాను" అంది తమిళంలో.

ఆ రోజు పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా చదివాను. నేను చదువుతున్నానని తెలిసి ఒక రైతు తన తాతగారి విభాగ పత్రం నకలు పట్టుకొచ్చాడు, ఇరవై ఏళ్ళుగా ఇంట్లో ఉంది, అందులో ఏముందో తెలియదట. అదీ చదివి పెట్టాను. ఆయన వెనక ఇంకో ఇద్దరు. తమిళనాడులో తెలుగు చదివేవాళ్ళు తగ్గిపోతున్నారని మేం టీచర్లం సభల్లో చెప్పుకుంటాం. ఆ బల్ల ముందు కూర్చుంటే అదేమిటో కళ్ళకు కట్టింది. మీ ఇంటి హద్దులు రాసిన కాగితం మీరే చదువుకోలేకపోవడం.

తాత పేరు అక్షరం కింద, 1921లో, దొరికింది. మైనరు అని ఉంది, పక్కన గార్డియను తల్లి, ఆ తరవాత పేరు: చెంగంమ.

అలాగే ఉంది, పాత రాతలో. 'మ్మ' అని ఇప్పుడు మనం రాసేదాన్ని అప్పట్లో సున్న పెట్టి 'ంమ' అని రాసేవాళ్ళు. తిరుత్తణి స్వామికి చెంగల్రాయుడని పేరు, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికొక చెంగల్రాయుడు, ఇంటికొక చెంగమ్మ. నేను ఇండెక్సు మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ చదివాను. ఆ అమ్మాయి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

నకలు చేతికి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. 1921 జూలై, దుర్మతి నామ సంవత్సరం ఆషాఢ మాసం. ఒకటిన్నర ఎకరా మెట్ట, కపిల బావిలో సగం భాగం, రెండు వేపచెట్లు, మొత్తం 180 రూపాయలకు. 'నా పెనిమిటి చేసిన చేబదుళ్ళు తీర్చుటకున్ను, మైనరు పోషణకున్ను' అని కారణం రాసి ఉంది. మైనరు వయసు ఆరు సంవత్సరాలు. ఆరేళ్ళంటే పుట్టింది 1915. రాక్షస. అత్త మాటే నిజం. పదహారేళ్ళ పిల్లవాడు వర్క్‌షాపులో చేరడానికి రెండేళ్ళు పెంచి చెప్పుకున్నాడన్నమాట. అప్పట్లో అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. ఆ రెండేళ్ళు ముందే ఆయన రిటైరైపోయాడు కూడా.

నకలు అంటే గుమాస్తా చేత్తో ఎత్తిరాసింది. నిశాని ఉన్నచోట 'నిశాని' అన్న మాటే ఉంటుంది. అసలు కాగితం కొన్నవాళ్ళ దగ్గర ఉండాలి. కొన్నవాళ్ళ ఇంటిపేరు నకల్లో ఉంది. ఊళ్ళో ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. వెళ్ళాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను. నూరేళ్ళ కిందటి అమ్మకం గురించి ఎవరైనా వాకిట్లోకి వస్తే ఆ ఇంటివాళ్ళు ఏమనుకుంటారో నాకు తెలుసు. తమ్ముడు వద్దన్నాడు. చివరికి ఒక్కదాన్నే వెళ్ళాను.

వాకిట్లో ముగ్గు, పక్కన ట్రాక్టరు. ఇంటాయన యాభై ఏళ్ళవాడు, నన్ను కూర్చోమనలేదు. "ఇప్పుడెందుకు వచ్చారు?" అన్నాడు. సంచీలోంచి మహాలయం నాటి కాగితం తీశాను, పేర్లు వరసగా రాసి, చివర ఖాళీ వదిలింది. "మా తమ్ముడు తర్పణం వదలడానికి పేరు కావాల్సొచ్చింది. పేరు దొరికింది. ఆమె వేలిముద్ర ఒక్కసారి చూసిపోతాను. భూమి మీది. నేనేమీ అడగను, ఫోటో కూడా తియ్యను" అన్నాను. ఆయన తల్లి లోపలినుంచి వింటున్నట్టుంది. "చూపించరా, పెద్దల కార్యానికి అడిగితే కాదనకూడదు" అంది.

రేకు పెట్టె. దానిలో పసుపు గుడ్డలో చుట్టిన కట్ట. ఆయన ఒక్కొక్కటే తీసి, అది చేతికివ్వకుండా తన ఒళ్ళో పెట్టుకుని చూపించాడు. రాజు తల ఉన్న స్టాంపు కాగితం, మడతల దగ్గర గుడ్డ అతికించి ఉంది. నల్లసిరా కాస్త గోధుమరంగుకు తిరిగింది. దస్తూరి చక్కటిది, రాసినాయన చదువుకున్నవాడు. 'తీర్చుట' అనేచోట రకారానికి వలపలగిలక, అంటే పాత రాతలో అక్షరం కుడిపక్కన వేసే గుర్తు, పెట్టాడు. మా స్కూలు పిల్లలకు బోర్డు మీద గీసి చూపించడమే తప్ప, ఎవరైనా పనికోసం రాసిన కాగితంలో నేను దాన్ని చూడ్డం అదే మొదలు. సాక్షులు ముగ్గురు. ఒకరు తెలుగులో సంతకం, ఒకరు తమిళంలో, ఒకరు నిశాని. అన్నిటికంటే పైన, 'చెంగంమ' అని రాసి, మధ్యలో చోటు వదిలి, అక్కడ ఎడమ బొటనవేలి ముద్ర.

చిన్న వేలు. సిరా ఎక్కువై కింది భాగం మసకబారింది గానీ పైభాగంలో గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. గీతలకు అడ్డంగా ఒక తెల్లటి సన్నని చార, కొడవలి తగిలిన గాటు అయ్యుంటుంది. అప్పటికి ఆమెకు పాతిక, ముప్ఫై మధ్య ఉంటాయి. ఆమెది ఒక ఫోటో లేదు, ఒక నగ లేదు, ఒక చీర పేలిక లేదు. ఒంటి గుర్తుగా మిగిలింది ఇదొక్కటే, అదీ వేరేవాళ్ళ పెట్టెలో భద్రంగా. నూరేళ్ళు చెదలు పట్టకుండా దాచినందుకు ఆ ఇంటివాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాను. ముసలామె కాఫీ ఇచ్చింది. వెళ్ళేటప్పుడు ఆ చేను చూపించమని నేనడగలేదు, ఆయనే రోడ్డు దాకా వచ్చి చెయ్యి చాపి చూపించాడు. వేపచెట్లు లేవు. బావి ఉంది, మోటారు పెట్టారు.

అక్కడినుంచి నేరుగా అరక్కోణం పోయాను. అత్త మంచం మీద కూర్చుని మాత్రలు వేసుకుంటోంది. పక్కన ఆస్పత్రి కాగితాలు, రేషన్ కార్డు. "దొరికింది అత్తా, మీ నాయనమ్మ పేరు చెంగమ్మ" అన్నాను.

అత్త నావైపు చూసి ఊరుకుంది. కాసేపటికి ఆ రేషన్ కార్డు తీసి నా చేతిలో పెట్టింది. తమిళంలో పేరు: సెంగమ్మాళ్. నేను ఎన్నిసార్లు చూశానో ఆ కార్డు. ఆమె పెన్షన్ ఫారాలు నేనే నింపాను. తమిళంలో చకారానికీ సకారానికీ ఒకటే అక్షరం, చివర ఆళ్ చేరింది, అది మాకు ఆఫీసు పేరుగా మాత్రమే తెలుసు. ఇంట్లో ఆమె ఎప్పుడూ అమ్మణ్ణే.

"ఈ పేరు నీకెవరు పెట్టారత్తా?"

"మా నాయన. స్కూల్లో వేసేటప్పుడే నాకు ఆ పేరుందని తెలిసింది. మా అమ్మ ఒక్కరోజు కూడా ఆ పేరుతో పిలవలేదు. ఎందుకని నేనూ అడగలేదు."

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మా అవ్వ కోడలు. అత్తగారి పేరు కోడలు నోట పలకకూడదు. తాత తల్లి పేరు కూతురికి పెట్టుకున్నాడు, అవ్వ ఆ పేరు పలకలేక అమ్మణ్ణి అంది, ఇంట్లో అందరూ అదే అన్నారు. గౌరవం కోసం మూసిన నోటితో పేరు మరుగున పడిపోయింది. ఎనభై అయిదేళ్ళు ఆ పేరు మా ఇంట్లోనే, మా కళ్ళ ముందే, కార్డు మీద ఉంది. మన ఇళ్ళల్లో ఇలాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో. బుజ్జి, పాప, అమ్మాయి, అమ్మణ్ణి, చిన్నమ్మి అని పిలిచే ముసలివాళ్ళు మీ ఇంట్లో ఉంటే, వాళ్ళ అసలు పేరు ఎవరిదో, ఎందుకు పలకరో ఈ వారమే అడగండి. నాలాగా ఎగ్మూరుకూ చిత్తూరుకూ తిరగక్కర్లేదు.

అత్త వేలిముద్ర గురించి చాలాసార్లు అడిగింది. ఏ వేలు, ఎంత పెద్దది, గాటు ఏ పక్క. తన ఎడమ బొటనవేలు కిటికీ వెలుతురులో పెట్టి చూసుకుంది. "నూట ఎనభై రూపాయలు" అని తనలో తాను రెండుసార్లు అనుకుంది. "మా నాయన అయిదో క్లాసు దాకా చదివింది ఆ డబ్బుతోనే అయ్యుంటుంది."

2024 అక్టోబరు 2, మహాలయ అమావాస్య. గాంధీ జయంతి సెలవు, మెరీనాలో మళ్ళీ అదే జనం. అయ్యవారు వేరేవాళ్ళు. ప్రపితామహి అనగానే తమ్ముడు ఆగకుండా చెప్పాడు. నేను ఫోను పైకెత్తి పట్టుకున్నాను, అరక్కోణంలో అత్త వింటోంది. అలల హోరులో వినపడిందో లేదో అని తరవాత పక్కకొచ్చి అడిగాను.

"వినపడింది" అంది. కాస్త ఆగి, "మా అమ్మ పోయి నలభై అయిదేళ్ళయింది కదా. ఇంక ఆ పేరుతో నన్ను పిలిస్తే ఏమీ కాదులే" అంది.

"సరే చెంగమ్మత్తా" అన్నాను. అటునుంచి జవాబు రావడానికి కొంచెం సేపు పట్టింది.